మీగడపాచి

మా ఇంట్లో రెండువందల పది లీటర్ల సముద్రం ఉండేది. పెదవాల్తేరులో మూడో అంతస్తు, హాల్లో గోడవారగా ఇనప స్టాండు మీద అద్దాల తొట్టె. అందులో నారింజరంగు ఒంటి మీద తెల్లచారలున్న రెండు చేపలు, నాలుగైదు నత్తలు, నడుమ రాళ్ళ మీద ఒక పగడం. మా అబ్బాయి చలపతి దాన్ని తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండేది. సముద్రంలో మునిగి పగడాలు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో రాసుకురావడం వాడి ఉద్యోగం. తుపానుకు విరిగి ఇసకలో పడి ఉన్న ముక్కను అనుమతి కాగితంతో సహా ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాతి వేసవి వేడికి అక్కడి పగడాలన్నీ పోయాయట. తొమ్మిదేళ్ళ క్రితం ఒక లోతైన మునక తర్వాత చలపతి ఒళ్ళు నొప్పులంటూ ఇంటికి వచ్చి, మూడోనాటికి లేకుండా పోయాడు. పగడం మాత్రం పెరిగింది. కాలీఫ్లవరంత అయింది. గోధుమరంగు ఒళ్ళు, కొమ్మల కొసలకు ఊదారంగు.

ఇంట్లో ఇక మిగిలింది నేనూ, నా కోడలు వారిజా. ఆమె కూడా చలపతి పనిచేసిన పరిశోధనాలయంలోనే శాస్త్రవేత్త. ఆమె పని పాచి మీద. పిల్లలు లేరు. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. వెళ్ళాలనుకుంటే ఎక్కడికైనా వెళ్ళగలదు. వెళ్ళలేదు. పగడం కోసమే వెళ్ళలేదని నా నమ్మకం. రెండువందల పది లీటర్ల సముద్రాన్ని సర్దుకుని ఎవరూ రైలెక్కలేరు కదా. అందుకని పొద్దున లేవగానే దేవుడి గూటికంటే ముందు తొట్టెవైపు చూసేదాన్ని. అది బాగుంటే ఆమె ఉంటుంది.

తీరా చూస్తే, తొట్టెను పాడుచేస్తున్నది నేనే. చేపలకు ఆకలేస్తోందేమోనని పూటకు రెండుసార్లు మేత వేసేదాన్ని. అవి తినగా మిగిలింది కుళ్ళి, ఆ సారంతో పాచి బలిసేది. వారం తిరిగేసరికి అద్దాల మీద పచ్చటి పొర, రాళ్ళ మీద జుట్టులాంటి పీచు. ఆ పీచు పగడం మొదట్లోకి పాకితే దాని ఊపిరి ఆగిపోతుందని వారిజ చెప్పేది. ఆదివారం వస్తే ఆమె పాత ఏటీఎం కార్డుతో అద్దాలు గీకేది, నేను పళ్ళు తోముకునే బ్రష్షుతో రాళ్ళు తోమేదాన్ని. దీపాలకు టైమరు పెట్టింది. మేత చిటికెడుకు దించింది.

"అత్తయ్యా, మళ్ళీ వేశారా?"

"రెండంటే రెండు పలుకులే."

"ఆ రెండు పలుకులూ అద్దమంతా పచ్చగా కనిపిస్తున్నాయి."

పదిహేను రోజులకొకసారి పాత నీళ్ళు కొన్ని తీసి కొత్తవి పోయాలి. ఎల్లాజీ అనే పడవ మనిషి ఒడ్డుకు దూరంగా వెళ్ళి, శుభ్రమైన నీళ్ళు డబ్బాలతో తెచ్చేవాడు. మూడంతస్తులూ మోసుకొచ్చి, గుమ్మంలో దింపి, ప్రతిసారీ అదే మాట. "మేం సేపల్ని సముద్రంలోంచి తెస్తాం. మీరు సేపలకి సముద్రాన్నే తెప్పిస్తన్నారు. అదృష్టమంటే ఈటిదండీ."

ఒక ఆదివారం వారిజ ఆఫీసు నుంచి చిన్న సీసా తెచ్చింది. లోపల లేత పచ్చటి నీళ్ళు.

"ఏమిటిది, పాచి మందా?"

"పాచే అత్తయ్యా."

"ఉన్నది చాలదనా?"

"ఇది ముందుగా అద్దాన్నీ రాళ్ళనూ ఆక్రమిస్తుంది, ఇంకోదానికి చోటివ్వదు. తర్వాత మనం పొమ్మంటే పోతుంది."

"ఎలా పొమ్మంటాం?"

"చీకటితో."

మూడు వారాలకు అద్దాల మీద బంగారు పచ్చరంగులో పల్చటి పొర కట్టింది. పీచుపాచి జాడ లేదు. ఒక ఉదయం పది గంటలకు ఆమె దీపం ఆపేసి, తొట్టె మీద నల్లగుడ్డ కప్పి, గడియారం పట్టుకుని నిలబడింది. పది నిమిషాలకు గుడ్డ లాగింది. కాచిన పాల మీద మీగడ లేచినట్టు, ఆ పొర మొత్తం ఒక్క ముక్కగా అద్దాన్ని వదిలేసి మెల్లగా పైకి తేలింది. కింద అద్దం కొత్తదానిలా మెరిసిపోతోంది. నేను పిండి జల్లెడ తెచ్చి ఆ పొరను ఎత్తాను. ఎక్కడా చిరగలేదు.

"ఇన్నేళ్ళూ నువ్వు చేసింది ఇదా?" అన్నాను.

"ఇదే. పదకొండేళ్ళు." ఆమె నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళు. "హఠాత్తుగా చీకటి పడితే ఇందులో ఒక రసం ఊరుతుంది. ఒక కణం పక్కదానితో వదిలెయ్ అంటుంది, అది దాని పక్కదానితో అంటుంది. అన్నీ ఒకేసారి వదిలేస్తాయి. సాయంత్రం దీపం గంటసేపు మెల్లగా తగ్గుతుంది చూడండి, ఆ చీకటి దీనికి పట్టదు. ఠక్కున పడితేనే."

పెళ్ళయిన కొత్తలోనే ఆమె ఈ పని మొదలుపెట్టింది. చలపతి పోయిన పదమూడో రోజున మళ్ళీ ఆఫీసుకు వెళ్తే, చుట్టాలు నోరు నొక్కుకున్నారు. ఆఫీసులో పాచి పెరిగే సీసాలకు పూటపూటా వెలుతురు చూసుకోవాలని వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. కంటిమీద కునుకు లేకుండా, ఏడుపు ఎక్కడో దాచుకుని, గోరంత పాచికి ఓపిగ్గా పాఠం చెప్పిన మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

"ఇది ఇంట్లో ఉన్నట్టు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు," అంది కాసేపటికి. "తప్పే. కానీ ఇంతకాలం బతికిన పగడం ఉన్న తొట్టె మా దగ్గర లేదు. దానికి హాని లేదని తెలియాలి కదా."

ఆ రోజు నుంచీ పది గంటల పని నాది. అద్దం పక్కన ఆమె కాగితం అంటించింది. దీపం ఆపి గుడ్డ కప్పాలి. పది నిమిషాలకు తియ్యాలి. తేలిన పొరను ఐదు నిమిషాల్లో ఎత్తెయ్యాలి. ఎత్తినదాన్ని మరిగే నీళ్ళలో వేసి చంపాలి, తొట్టెలోంచి తీసిన పాత నీళ్ళనూ మరిగించాకే పారబోయాలి. చేసినట్టు నోటుపుస్తకంలో రాయాలి. పద్నాలుగు నెలలు ఒక్క రోజు తప్పకుండా చేశాను. మీగడపాచి అని నేను పెట్టిన పేరే ఆఫీసులోనూ స్థిరపడిపోయింది. పగడానికి ఏ హానీ కలగలేదు.

సముద్రంలో పరీక్షకు ఒక సోమవారం నిర్ణయమైంది. పడవల అడుగున పాచి పట్టి బరువెక్కుతుందట. నెలనెలా ఒడ్డుకు లాగి గీకాలి. దానికి బదులు ఈ పాచిని పూస్తే, షెడ్డు నీడలోకి తెచ్చిన పది నిమిషాలకు మొత్తం ఊడిపోతుంది. మొదటి పడవ ఎల్లాజీది. "మా నడుములు నిలబెట్టినారు మేడంగారూ," అని వారిజకు దణ్ణం పెట్టాడు. ఆ సోమవారానికి ఇంకా పదకొండు రోజులుందనగా, గురువారం నాడు సూర్యగ్రహణం వచ్చింది.

పట్టు పదీ ఇరవైకి, విడుపు ఒకటీ నలభైకి. వారిజ ఆఫీసుకు వెళ్ళింది. నేను తెల్లవారే వంట ముగించి, పట్టుస్నానం చేసి, ఊరగాయ జాడీల్లో, పాలల్లో, పెరుగులో, బిందెల్లో దర్భలు వేశాను. ఆ హడావిడిలో పది గంటల పని మరిచిపోయాను. పట్టు మొదలవుతుండగా తొట్టె మీద దృష్టి పడింది. అవీ నీళ్ళే కదా. అందులోనూ ప్రాణులున్నాయి. కిటికీలోంచి ఆ ఎండ దాని మీద పడుతోంది. మనసు ఒప్పుకోలేదు. దీపం ఆపేశాను. రెండు దర్భలు నీళ్ళలో వేశాను. మంచం మీది మందపాటి దుప్పట్లు రెండూ తెచ్చి తొట్టె నాలుగువైపులా కప్పేశాను. చలపతి తెచ్చిన ప్రాణానికి గ్రహణం సోకకూడదని.

విడుపుస్నానం చేసి దుప్పట్లు తీసేసరికి నీళ్ళమీద మీగడపాచి మొత్తం తేలి, నాని, ముక్కలు ముక్కలై ఉంది. మూడు గంటల ఇరవై నిమిషాలు. కాగితం మీది ఐదు నిమిషాలు అప్పుడు గుర్తొచ్చాయి. ఆ మాట శుభ్రం కోసం రాసిందనుకున్నాను. గబగబా ఎత్తి మరిగే నీళ్ళలో వేశాను. నోటుపుస్తకంలో 'పది గంటలు, తీశాను' అని రాశాను.

ఆదివారానికి పగడం పాలిపోయింది. మంగళవారానికి సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

వారిజ తొట్టె ముందు నేలమీద కూర్చుండిపోయింది. "పగడం ఒక ఇల్లు అత్తయ్యా," అంది అద్దం మీద వేలు పెట్టి. "లోపల పాచి కణాలు అద్దెకుంటాయి. అద్దె కింద దీనికి తిండి వండిపెడతాయి. ఆ రంగు కూడా వాటిదే. ఇప్పుడు అద్దెకున్నవాళ్ళందరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఇది ఇంకా బతికే ఉంది. కానీ ఆకలి. ఎన్నాళ్ళో ఆగలేదు."

ఆమె నీళ్ళలో ఉప్పు చూసింది, వేడి చూసింది, దీపం మార్చింది. కంచంలో అన్నం ఎండిపోయింది. బుధవారం సెలవు పెట్టి మళ్ళీ అన్నీ మొదట్నుంచీ చూసింది. నోటుపుస్తకం తిరగేసి, "మీ వైపు ఏ తేడా లేదు. పద్నాలుగు నెలలూ పది గంటలే," అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. చెబితే పగడాన్ని చంపింది నేనని తెలుస్తుంది. తెలిశాక ఇంక నా మొహం చూస్తూ ఈ ఇంట్లో ఎందుకుంటుంది?

సాయంత్రం ఎల్లాజీని పిలిపించింది. డబ్బాలో డీజిలు తగిలిందేమోనని ఆమె అనుమానం. మెల్లగానే అడిగింది. అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా డబ్బాలా మేడంగారూ? మూడుసార్లు కడిగితే గానీ పడవెక్కనివ్వను. మా ఆడది నవ్వుతాది, ఈ కడుగుడు మన బిందెలకి లేదే అని." తెల్లటి పగడాన్ని చూసి తల దించేసుకున్నాడు. "సలపతిబాబుది కదండీ. నానెందుకు పాడుసేస్తాను?"

అతని గొంతు విన్నాక ఇంక నావల్ల కాలేదు.

"డీజిలు కాదమ్మా," అన్నాను వంటింటి గుమ్మంలోంచి. "దుప్పటి."

మొత్తం చెప్పేశాను. దర్భలతో సహా. వారిజ కదలకుండా విన్నది.

"ఎంతసేపు కప్పారు?"

"పట్టు నుంచి విడుపు దాకా."

"పొర తేలాక నీళ్ళలోనే ఉండిపోయిందా?"

"ఉండిపోయింది. ఐదు నిమిషాలన్నది శుభ్రం కోసమనుకున్నాను తల్లీ."

"నేనూ అంతేననుకున్నాను," అంది ఆమె. "పొర కుళ్ళకూడదని రాశాను, అంతే."

ఆమె నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. "గురువారం దగ్గర కొట్టేసి జరిగింది రాయండి. దర్భలు కూడా." ఆమె పక్కన నిలబడి, నేను రాసేదాకా ఆగింది. తర్వాత ఎల్లాజీ వైపు తిరిగి, "నిన్ను అడిగినందుకు క్షమించు," అని చేతులు జోడించింది. అతను కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎల్లాజీ, సముద్రం మీద పట్టపగలు ఠక్కున చీకటి పడ్డం చూశావా ఎప్పుడైనా?"

"సూడకేటండీ? వానాకాలం మబ్బు కమ్మితే మజ్జాన్నమే దీపాలెట్టుకుని ఒడ్డుకొస్తాం."

"ఎంతసేపుంటుంది?"

"గంటుంతాది. ఒక్కోపాలి మూడు గంటలు."

వారిజ కుర్చీలో కూలబడింది. "పడవ అడుగున పొర తేలితే అక్కడ జల్లెడ పట్టుకుని ఎవరుంటారు?" అంది. ఎవరినీ అడగలేదు ఆ మాట. "అది నీళ్ళలో నానుతూ వదిలెయ్, వదిలెయ్ అంటూనే ఉంటుంది. పగడాల్లో ఉన్న పాచి కూడా వింటుంది. అదీ పాచే కదా. సముద్రం మీద దుప్పటి కప్పడానికి మీరు అక్కర్లేదు అత్తయ్యా. ఒక మబ్బు చాలు."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడంతో ఇంకా భయమేసింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం ఐదింటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చెప్పింది. పరీక్ష ఆపమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ పడవలు తిరిగేచోట పగడాలు లేవు కదా అన్నారట.

"నువ్వేమన్నావు?"

"పడవ వెళ్ళకపోవచ్చు సార్, పాచికి టిక్కెట్టు అక్కర్లేదు అన్నాను. నవ్వారు. సాక్ష్యం అడిగారు." ఆమె తొట్టె వైపు చూసింది. "సాక్ష్యం అదొక్కటే. చూపిస్తే, ఇంట్లో రహస్యంగా పెంచినట్టు ఒప్పుకోవాలి. అనుమతి లేనిచోట ఆ పాచి దొరికితే నీళ్ళు, రాళ్ళు, అందులో ఉన్నవన్నీ నాశనం చెయ్యాలి. ఆ నియమం రాసింది నేనే."

"పగడం కూడానా?"

"చేపలనూ నత్తలనూ నలభై రోజులు చీకట్లో ఉంచితే వాటిమీద పాచి చస్తుంది. పగడానికి వెలుతురు కావాలి అత్తయ్యా. పాచికీ వెలుతురే కావాలి. రెంటినీ విడదీయడం నాకు చేతకాదు." ఆమె గొంతు ఒక్కసారి తగ్గింది. "అది మీ అబ్బాయిది. మీరు వద్దంటే ఇంకేదైనా దారి వెతుకుతాను."

సోమవారానికి నాలుగు రోజులుంది. వేరే దారి లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వద్దనే మాట నాలుక చివరే ఉంది. మా అమ్మ పోయినప్పుడూ, ఆయన పోయినప్పుడూ, చలపతి పోయినప్పుడూ నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు మొదటిసారి అడుగుతున్నారు. నేను వద్దంటే ఒకటి నిలబడుతుంది. దాంతోపాటు ఈమె కూడా.

"చూపించు," అన్నాను.

శనివారం ముగ్గురు వచ్చారు. బయటే బూట్లు విప్పి, తొట్టె చుట్టూ తిరిగారు. పెద్దాయన ఒకరు నా నోటుపుస్తకం తీసి గురువారం పేజీ రెండుసార్లు చదివారు. "దర్భలు," అన్నారు తనలో తాను. తర్వాత పగడం ముందు వంగి చాలాసేపు ఉండిపోయారు. లేచి, "పడవ సంగతి ఆపేద్దాం," అన్నారు. వెళ్తూ వెళ్తూ వారిజ ముందు ఆగారు. ఆమె మీద చర్య తప్పదని చెప్పింది ఆయనే. చెప్పి, తల వంచి నమస్కారం పెట్టింది కూడా ఆయనే.

ఆఫీసులో ఉన్న యాభై రెండు సీసాలనూ వారిజే తన చేత్తో ఆవిరి యంత్రంలో పెట్టింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదట. ఆమెను ప్రయోగశాల నుంచి తీసేసి, పాత రిపోర్టులు సర్దే గదికి మార్చారు. పన్నెండేళ్ళు ఒక మధ్యాహ్నంలో ఉడికిపోయాయి. ఇంటికి వచ్చి, "ఆకలేస్తోంది," అని మాత్రం అంది.

మా తొట్టె వంతు రావడానికి పది రోజులు పట్టింది. తొమ్మిదో రోజున ఆమె నన్ను పిలిచి భూతద్దం ఇచ్చింది. తెల్లటి కొమ్మ మీద, ఆవగింజలో సగం ఉన్న గోధుమరంగు చుక్కలు. ఒకటి, రెండు, ఐదు.

"తిరిగొస్తున్నారు," అంది. "వెళ్ళినవాళ్ళు నీళ్ళలోనే ఉన్నారు. ఇంకో నెల ఆగితే నిండిపోతుంది."

"ఆగొచ్చా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను భూతద్దం దించలేదు. ఎంతసేపు చూశానో.

మర్నాడు ఎల్లాజీ పెళ్ళివంటల గ్యాసుపొయ్యి, పెద్ద గుండిగ మోసుకొచ్చి మేడ మీద పెట్టాడు. పొద్దున ఆరింటి నుంచి మోసి, మరిగించి, చల్లార్చి పారబోశాం. మేడంతా సముద్రం వాసన. చేపలనూ నత్తలనూ ముందే ఆఫీసువాళ్ళు చీకటి తొట్టెలోకి తీసుకెళ్ళారు. రాళ్ళు ఉడికాయి. ఇసక ఉడికింది. జల్లెడ, బ్రష్షు, ఏటీఎం కార్డు అన్నీ వేసింది వారిజ. ఎల్లాజీ చెమటలు తుడుచుకుంటూ, "సముద్రాన్ని వండడం నా జన్మలో సూడనేదండీ," అన్నాడు. వారిజ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే.

నాలుగింటికి పగడం ఒక్కటే మిగిలింది. చిన్న బక్కెట్లో, చివరి నీళ్ళలో. ఎల్లాజీ దణ్ణం పెట్టి కిందికి దిగిపోయాడు. వారిజ దాన్ని రెండు చేతుల్తో ఎత్తింది. గుండిగ దాకా వచ్చి ఆగింది.

"మీరు లోపలికి వెళ్ళండి అత్తయ్యా."

నా జీవితంలో ఎవరు పోయినా, ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మాటే అన్నారు. ప్రతిసారీ లోపలికి లాక్కెళ్ళారు. తలుపు వేశారు.

"వెళ్ళను."

"ఆవిరి కొడుతుంది. చేతులు కాలతాయి."

"నీవి కాలవా?"

ఆమె చేతుల కింద నా చేతులు పెట్టాను. పగడం బరువు నేను అనుకున్నదానికంటే ఎక్కువ. బొటనవేలంత ఉన్నది ఇంత బరువైందా అనుకున్నాను. ఇద్దరం కలిసి వంగి, మెల్లగా, నీళ్ళు చిందకుండా వదిలాం. అది అడుగుకు దిగి నిలబడింది. గడియారం చూసుకుని ఆమె ఇరవై నిమిషాలు అక్కడే నిలబడింది. నేనూ నిలబడ్డాను.

కిందికి వచ్చాక హాలు మరీ పెద్దదైపోయినట్టుంది. గోడమీద తొట్టె ఉన్నంతమేర రంగు వెలవలేదు. వారిజ స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి, ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని ఏదో గీస్తోంది.

"ఏమిటది?"

"మామూలు పాచితో మళ్ళీ మొదట్నుంచి. ఆ రిపోర్టుల గదిలో సాయంత్రాలు ఎవరూ ఉండరు. ఈసారి ముందు దానికి ఎప్పుడు వదలకూడదో నేర్పాలి."

"ఎన్నేళ్ళు పడుతుంది?"

"పదేళ్ళు పట్టొచ్చు."

ఆ మనిషి వైపు చూస్తే నాకు గర్వమూ భయమూ ఒక్కసారే కలిగాయి. పదేళ్ళు. ఎక్కడ? ఎవరి దగ్గర? ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకు తిరిగిన ప్రశ్న ఆ ఖాళీగోడ ముందు నోట్లోంచి వచ్చేసింది.

"వారిజా, ఇంక నీకీ ఇంట్లో ఏముందమ్మా?"

ఆమె పెన్సిలు ఆపి, నావైపు చూసింది. నేనేం అడుగుతున్నానో అర్థమయ్యేదాకా చూసింది.

"మినప్పప్పు ఉంది," అంది. "పొద్దున్న నానబోశాను. పప్పు నానబోసి ఎక్కడికి పోతానత్తయ్యా? లేవండి, గ్రైండరు కడగండి."